లెవెల్ పైపు, మూడు కాళ్ళ మిషను

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటాయి. అప్పుడు సీతమ్మధారలో ఒక రిటైరైన టీచరమ్మ ఇల్లు కడుతున్నాం. మా ఆయన తాపీమేస్త్రి. నేను ఇటుకలు, సిమెంటు మాలు అందించే మనిషిని. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆవిడ బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు రాసి నాచేత దిద్దించేది. మర్నాడు మా ఆయన వాటి మీదే ప్లాస్టరింగు చేసేసేవాడు. ఆవిడ ఇంకో గోడ వెతుక్కునేది. గదులన్నీ పూర్తయ్యేసరికి నేను బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదువుతున్నాను.

ఆవిడ అంతటితో నన్ను వదల్లేదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించింది. ఆ తర్వాత దూరవిద్యలో సర్వే, ఎస్టిమేషను కోర్సుకి దరఖాస్తు కూడా తనే దగ్గర కూర్చుని పెట్టించింది. నేల ఎత్తుపల్లాలు కొలవడం, ఒక ఇంటికి ఇటుక, ఇసుక, సిమెంటు, కూలి ఎంతవుతాయో ముందే లెక్కగట్టడం అందులో చదువు. అప్పటికే నా మోకాళ్ళు తట్టతో మెట్లెక్కనివ్వడం లేదు. కోర్సు పాసైతే సైట్లో కొలతలు రాసే పనిలో పెడతానని మా కాంట్రాక్టరు మాటిచ్చాడు.

పుస్తకాలు పోస్టులో వచ్చేవి. "ఇటికెంత పొడుగో పుస్తకం సెప్పాలేటే నీకు?" అని మా ఆయన వెక్కిరించేవాడు. వెక్కిరిస్తూనే, నేను చదువుకునే పూట తనే అన్నం వండి గంజి వార్చేవాడు.

చదువంతా ఇంటి దగ్గరే అయినా, సర్వే ప్రాక్టికల్సుకి మాత్రం వెళ్ళి తీరాలి. అక్కడ నేర్పే సారు సంతకం పెట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, మళ్ళీ ఏడాది ఆగాలి. ఆఖరి రోజున మమ్మల్ని సింహాచలం కొండ దిగువన ఒక ఏటవాలు స్థలానికి తీసుకెళ్ళారు. మూడు కాళ్ళ స్టాండు మీద లెవెల్ మిషను పెట్టారు. మా బ్యాచిలో గాజువాక నుంచి వచ్చే అమ్మాయి ఒకత్తి, అంకెలు రాసిన పొడుగాటి కర్రని చోటుచోటా నిలబెడుతుంటే, నేను మిషనులోంచి ఆ అంకె చూసి రాసుకోవాలి. దాన్నిబట్టి ఎక్కడ మట్టి తవ్వాలో, ఎక్కడ పోయాలో లెక్క తేల్చాలి.

పెద్ద అంకె వచ్చిన చోటు ఎత్తు అనుకున్నాను. లెక్క వేసి, గీత గీసి ఇచ్చాను.

సారు కాగితం తీసుకుని చూశారు. "అమ్మా, నువ్వు గీసినట్టయితే వాననీళ్ళు కొండెక్కుతాయి" అన్నారు. అందరూ నవ్వారు. ఏడాది పోయిందనుకున్నాను.

ఆయన మాత్రం నవ్వలేదు. కాగితం పక్కనపెట్టి అడిగారు. "మీ సైట్లో లెవెల్ ఎలా సూత్తారు?"

"లెవెల్ పైపుతో సార్. పైపులో నీళ్ళు పోసి, రెండు గోడల మీదా నీళ్ళు నిలిచిన కాడ గుర్తెడతాం. ఆ గుర్తు నుంచి కిందికి నేల దాకా కొలుత్తాం."

"ఆ కొలత ఎక్కువొత్తే?"

"అక్కడ నేల పల్లమన్నట్టు."

ఆయన మిషను వైపు చూశారు. నేనూ చూశాను. ఆ అద్దంలోంచి చూసే చూపు మా పైపులో నీళ్ళలాగే అడ్డంగా, సమంగా పోతోంది. కర్ర మీది అంకె, ఆ చూపు నుంచి నేల దాకా ఉన్న కొలత. ఇన్నేళ్ళూ నేను పైపు ఒక కొస పట్టుకుని చేసిన పని అదే. పుస్తకం చేతికి రాగానే, ఇది వేరే లోకం, ఇక్కడ నాకు తెలిసిందేదీ పనికిరాదు అనుకున్నాను.

"పొద్దు గూకే లోపల మళ్ళీ కొలతలు తీసి సూపించమ్మా" అన్నారు సారు.

కర్ర పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అప్పటికే చాలామంది సంచులు సర్దేసుకున్నారు. గాజువాక అమ్మాయి వంతు పని అయిపోయింది, బస్సుకి టైమూ అయింది. నేను అడగలేక నిలబడ్డాను. ఆ పిల్లే చున్నీ తలకి చుట్టుకుని, కర్ర భుజానేసుకుని, "పద పిన్నీ, ఎక్కణ్ణుంచి మొదలెడదాం?" అంది.

ఆ ఎండలో మళ్ళీ స్థలమంతా తిరిగింది. ఒక్కోచోట కర్ర నిటారుగా పట్టుకుని, నేను తల ఊపేదాకా కదల్లేదు. ఈసారి నా గీతలో నీళ్ళు కిందికే పారాయి. సారు సంతకం పెట్టారు.

ఇప్పుడు కొలతలు రాసే పనిలోనే ఉన్నాను. నా చదువు గురించి ఎవరైనా అడిగితే ముందు టీచరమ్మనీ, సారునీ చెబుతాను. కానీ మనసులో మొదట మెదిలేది, తన బస్సు వెళ్ళిపోతుంటే అటు చూడకుండా కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల.