మెత్తటి తీగలు

నస్పూర్ ప్రేమ్‌చంద్ చేతులు పాడైపోయాయని మొదట అన్నది ఏ డాక్టరూ కాదు, నేను. కరీంనగర్‌లో బస్టాండు వెనక వాయిద్యాల దుకాణం నడుపుకునే శ్యాంసుందర్‌ని. గిటార్లు, కీబోర్డులు, డోలక్కులు అమ్ముతాను. తీగలు మార్చడం వచ్చు, శ్రుతి చేయడం వచ్చు. మనుషుల చేతుల గురించి నాకేం తెలుసని ఆ మాట అన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ప్రేమ్‌చంద్ బొగ్గుగనిలో రోప్ మనిషి. గనిని వాళ్లు బాయి అంటారు. బాయి లోపలినుంచి బొగ్గు డబ్బాలను పైకి లాగే ఇనుప తాడు తెగితే, దాని పోగులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకు ఎక్కడుందో కంటికి కనబడకుండా అల్లేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. "నేను అతికిన రోప్ మల్ల తెగలే" అన్నదొక్కటే ఆయన జీవితంలో చెప్పుకున్న గొప్ప. అది కూడా ఎవరైనా అడిగితేనే.

ఆదివారం వచ్చిందంటే తెల్లచొక్కా తొడుక్కుని మెథడిస్టు చర్చిలో బేస్ గిటారు వాయించేవాడు. పాత పాస్టరు బదిలీ మీద పోతూ చర్చికి వదిలేసిన గిటారు అది. నాలుగే తీగలు, నాలుగూ లావువి. దానికేసి ఎవరూ చూడకపోతే ఈయన చేతిలోకి తీసుకుని, విని విని తనకు తానే నేర్చుకున్నాడు. ఒకసారి ఆయన జ్వరంతో రాకపోతే పాటలన్నీ గాలిలో తేలిపోయినట్టున్నాయని వాళ్లావిడ మహిమ చెప్పేది. "ఉన్నప్పుడు ఎవ్వలకు ఇనవడదు తమ్మీ. లేనప్పుడే ఎరుకైతది" అనేది. గిటారు గురించే అనేదో, మొగుడి గురించి అనేదో మరి.

పోయినేడు మార్చిలో తీగల కోసం మా దుకాణానికి వచ్చాడు. యాభై తొమ్మిది నడుస్తోంది అప్పటికి.

"తమ్మీ, చేతికి జర అల్కగ ఉండాలె. వేళ్లు మునుపటి లెక్క లేవు. మెత్తటియి చూసియ్యి."

అల్కగా అన్నాడు, అంటే తేలిగ్గా. మెత్తగా అన్నాడు. నేను రెండోది మాత్రమే విన్నాను. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి, ఓపికే తక్కువ. మామూలు తీగకు పైన గుండ్రటి సన్నతీగ చుట్టి ఉంటుంది, వేలు పెడితే గరగరలాడుతుంది. ఇంకో రకం ఉంది, దాని మీద చదునైన రేకు చుట్టి ఉంటుంది. అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ ప్యాకెట్టు తీసి ముందు పెట్టాను.

"ముట్టుకుని చూడన్నా. పట్టు గుడ్డ లెక్క మెత్తగుంటయి."

బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తీగ చుట్టను రెండు వేళ్ల మధ్య పెట్టి కొంచెం వంచాడు. ఏదో అనబోయాడు. మళ్లీ నా మొహం చూసి, "నీకెరుకే గద" అని సంచిలో వేసుకుని పోయాడు.

రెండు వారాలకు ఫోన్ చేశాడు. అప్పుడు నా ఎదురుగా ఓ పెళ్లి బ్యాండు బృందం సామాను బేరం చేస్తోంది.

"తీగలు గట్టిగున్నయి తమ్మీ. ఒత్తుతె వేళ్లు గుంజుతున్నయి, సగం పాటకే చేతులు పడిపోతున్నయి."

"తీగలు ఫస్టుక్లాసు తీగలన్నా. నీ చేతులే ఖతమైనయి. ముప్పై ఏండ్లు ఇనుప రోప్‌లు పట్టిన చేతులు, గిప్పుడు గిటార్ ఏం పడ్తయి?"

ఎకసెక్కంగానే అన్నాను. బేరానికి వచ్చినవాళ్లు నవ్వారు. ఫోన్‌లో ఆయన కూడా నవ్వాడు. "అంతేనంటవా" అన్నాడు. అంతేనన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా దుకాణం ప్రారంభం రోజు మా బాపు చెప్పాడు. ఆ ముక్క ఒక్కటే తలకెక్కలేదు నాకు.

ఆ తర్వాత ప్రేమ్‌చంద్ రాలేదు, నేను పట్టించుకోలేదు. ఈ జనవరిలో ఆదిలాబాద్ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే ముత్యం అనే ఆయన వచ్చి మెత్తటి తీగలు కావాలన్నాడు. అలవాటుగా అవే తీసిచ్చాను, అదే పట్టు గుడ్డ మాట చెప్పాను. ఆయన అక్కడే ఉన్న గిటారుకు ఒకటి బిగించి, నొక్కి చూసి పకపకా నవ్వాడు.

"గివేటి మెత్తటియన్నా! ముట్టుకుంటె మెత్తగనే ఉన్నది, ఒత్తుతె ఇనుపకడ్డీ. నేనడిగేది నున్నటియి కాదు, వంగేటియి."

నున్నగా ఉండటం వేరు, వంగడం వేరు అని ఇరవై ఏళ్లుగా తీగలమ్ముతున్న నాకు ఒక కొనుగోలుదారు చెప్పాల్సి వచ్చింది. ఆయనకు సన్నటి గుండ్రచుట్టు రకం ఇచ్చి పంపి, వెంటనే నస్పూర్‌కు ఫోన్ చేశాను. మహిమ వదిన ఎత్తింది.

"ఆయన వాయించుడు బందువెట్టి పది నెలలాయె తమ్మీ. చేతులు పోయినయి గద. నీకు చెప్పలేదా?"

చేతులు పోయాయని అన్నదెవరో ఆమెకు ఆయన చెప్పలేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఫోన్ పెట్టేశాక నా దుకాణంలో నాకే నిలబడబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున్నే సరైన తీగలు తీసుకుని, నస్పూర్ పోవడానికి మంచిర్యాల బస్సెక్కాను. గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ ఏం చెప్పాలో కూర్చుకున్నాను. స్టాక్ మారిందని చెబుదామా, కంపెనీ తప్పని చెబుదామా అని కూడా అనుకున్నాను. మీ దగ్గర దాచడమెందుకు, నిజంగానే అలా అనుకున్నాను.

ప్రేమ్‌చంద్ క్వార్టరు ముందు ఎండలో కూర్చుని ఉన్నాడు. మహిమ వదిన పక్కన చిన్నపీట మీద కూర్చుని ఆయన వేళ్లకు కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తోంది. నన్ను చూసి ఇద్దరూ సంబరపడ్డారు. వదిన నూనె తుడిచి అందించిన చాయ్ గ్లాసును ఆయన రెండు చేతులతో, పసిపిల్లాడిలా జాగ్రత్తగా పట్టుకున్నాడు. నాకు చాయ్ పెట్టడానికి వదిన పాల ప్యాకెట్టు తెస్తానని పోయింది.

"డ్యూటీకి పోతలేవా అన్నా?"

"పోతున్న. రోప్ కాడికి కాదు, లాంపు రూంల. బాయిలకు దిగేటోళ్లకు లైట్లిచ్చుడు, తీసుకునుడు. చేతులు పనిజేస్తలెవ్వని నేనే రాసిచ్చిన."

"నువ్వే రాసిచ్చినవా?"

"మరి? గిటార్‌కే పనికిరాని చేతులు రోప్‌కేం పనికొస్తయి తమ్మీ. అతుకు తప్పితె కింద మనుషులు పోతరు. మార్చిల రిటైర్. ఇగ మల్ల రోప్ ముట్టనియ్యరు."

గిటారు ఎక్కడుందని అడిగాను. లోపలికి తీసుకుపోయి మంచం కింద నుంచి తీసిచ్చాడు. నేనిచ్చిన తీగలు విప్పేసి, తెచ్చినవి బిగించి, శ్రుతి చేసి ఆయన ఒళ్లో పెట్టాను. భయంభయంగా ఒక వేలు వేశాడు. తీగ లొంగింది. దుమ్మని మోగింది. రెండో వేలు వేశాడు, మూడోది వేశాడు. చర్చిలో వాయించే వరస ఒకటి మెల్లగా మొదలుపెట్టి చివరిదాకా ఆగకుండా వాయించాడు. తర్వాత ఎడమచెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంటే నా చేతులు మంచిగనే ఉన్నయా?"

"మంచిగనే ఉన్నయన్నా. తప్పు నాది. నువ్వడిగింది ఒకటి, నేనిచ్చింది ఒకటి. మీదికెల్లి ఆ మాట అన్న."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన నేను విప్పిన పాత తీగ తీసుకుని, పట్కారతో కొన కత్తిరించి, పైరేకు విప్పి చూపించాడు.

"సూడు. పైన నున్నగున్నది, నడిమి తీగ ఎంత మందమున్నదో సూడు. రోప్ వంగుడు నడిమి పోగుల ఉంటది, పైన కాదు. ఆ దినం నీ దుకాణంల చేతికి తీసుకోంగనే ఇవి వంగయేమో అని నాకనిపించింది."

"మరెందుకు అనలేదన్నా?"

"ఇరవై ఏండ్ల సంది నీదదే పనాయె. నా అతుకును ఎవడన్న బయటోడు తప్పంటె నాకు పానం మండుతుండె. నీ పని నీకెరుక అనుకున్న." బయటికి ఓసారి చూసి అన్నాడు. "మహిమకు చెప్పకు. పది నెలల సంది రోజు నూనె రాస్తుంది. అదంత ఉత్తదే అని ఎరుకైతె మస్తు ఏడుస్తది."

ఆమె పాల ప్యాకెట్టుతో తిరిగొచ్చేసరికి ఆయన మళ్లీ వాయిస్తున్నాడు. గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమైంది తమ్మీ? ఏమన్నవ్ నువ్వు?" అంది. "అన్న చేతులు మంచిగనే ఉన్నయి వదినా, అదే చెప్పిన" అన్నాను. ప్యాకెట్టు అక్కడే పెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రేపు ఆరాధన చూసుకునే పోవాలని పట్టుబట్టింది.

మరునాడు చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ముందు ప్రేమ్‌చంద్, తెల్లచొక్కాలో, గిటారుతో. రెండు పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు లేచి చెప్పుకునే వేళ అది. మహిమ వదిన లేచింది.

"పది నెలలు నా పెనిమిటి చేతులకు నూనె రాసుకుంట ప్రార్థన జేసిన. దేవుడిన్నడు. కరీంనగర్ కెల్లి శ్యాంసుందర్ తమ్ముడు మమ్ముల యాది చేసుకొని తీగలు పట్టుకొచ్చిండు. 'అన్నా, నీ చేతులు మంచిగనే ఉన్నయి' అని ముందుగాల ఆయన నోట్లె కెల్లే వచ్చింది. అసుంటి మంచి నోటిని దేవుడు సల్లగ సూడాలె. అందరు ఆయన కోసం ప్రార్థించుండ్రి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లేచి నిజం చెప్పేద్దామని బెంచీ పట్టుకుని సగం లేచాను కూడా. ప్రేమ్‌చంద్ గిటారు మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు. వద్దన్నట్టు చిన్నగా తల ఊపాడు. పాస్టరయ్య నా పేరు పెట్టి, నా నోటిని దీవించమని ప్రార్థన చేశాడు. చర్చి అంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.