పగులు మీద స్టిక్కరు

ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. బడి పెద్దగా బాధపడినట్టు లేదు. హాజరు పట్టీలో నా పేరు కొట్టేసిన సారు, గీత వంకరగా వచ్చిందని స్కేలు పెట్టి మళ్లీ కొట్టాడట. నా విషయంలో ఆయన అంత శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

అలాంటివాణ్ని ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఇవతల రేడియం దుకాణం పెట్టాను. బండ్ల నంబరు ప్లేట్లకు అక్షరాలు కత్తిరించి అంటించడం, పెట్రోలు ట్యాంకుల మీద డిజైన్లు వేయడం, కార్ల అద్దాలకు ఫిల్ము వేయడం నా పని. ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ప్రతి రెండో బండివాడు వచ్చి ‘ఏపీ’ పీకి ‘టీజీ’ పెట్టమనేవాడు. ఢిల్లీవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు గానీ నా దుకాణంలో తెలంగాణ ఎప్పుడో వచ్చేసిందని వచ్చినవాళ్లందరితో అనేవాణ్ని. నవ్వేవాళ్లు. సగంమంది ప్లేటు కోసం వస్తే సగంమంది నా మాటల కోసం వచ్చేవాళ్లు. ఆ సంగతి నాకు తెలిసిపోవడమే చెడ్డదైంది.

హాకీ కర్ర కథ కూడా చాలామందికి నవ్వించడానికే చెప్పాను. అయితే ప్రతిసారీ ఒక ముక్క దాచి చెప్పాను. ఇక్కడ దాచను.

ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. చక్రాల బూట్లు వేసుకుని ఆడే హాకీ ఒకటి ఉంటుందని ఆమె వచ్చాకే నాకు తెలిసింది. ఆ కర్ర మనం చూసే చెక్క హాకీ కర్రలా ఉండదు. నల్లగా, తేలిగ్గా, లోపల బోలుగా ఉంటుంది. చివర్లో ఉండే బ్లేడు వేరే ముక్క. దాని తోకను కర్రలోకి దూర్చి గమ్ముతో అంటించాలి. ఆట మానేసిన ఒక సీనియర్ దగ్గర ఆ కర్ర కొనుక్కుందట. ఎడమచేతి వాటం కర్ర. అలాంటివి ఊళ్లో రెండో మూడో ఉంటాయని చెప్పింది.

మొదటిసారి వచ్చినప్పుడు కొత్త బ్లేడూ, కొవ్వొత్తిలాంటి గమ్ము కడ్డీ ఒకటీ చేతిలో పెట్టుకుని వచ్చింది. నా దగ్గర వేడిగాలి గన్ను ఉందని ఎవరో చెప్పారట.

“ఈ గమ్ము కరిగించి అంటించాలన్నా. బ్లేడు విరిగితే మళ్లీ వేడి చేసి తీసెయ్యొచ్చని మా కోచ్ చెప్పారు.”

“మల్ల ఊడేటట్టు అతికిచ్చుడేంది చెల్లె? అట్లయితే నా దగ్గరికెందుకు వచ్చుడు?” అన్నాను. రెండు ట్యూబుల్లో వచ్చే గట్టి గమ్ము కలిపి, తోక నిండా పూసి, కర్రలోకి దిగ్గొట్టాను. “నీ మనవరాలు గూడ ఇదే కర్రతోటి ఆడుతది, పో” అని పంపించాను.

ఆరు నెలలకు బ్లేడు అంచు చీలింది.

ఆ రోజు బంద్. పొద్దంతా షట్టర్లు దించి, సాయంత్రం నాలుగింటికి సగం ఎత్తుకున్నాం. ప్లేట్ల కోసం నలుగురు ఆటోవాళ్లు నా దుకాణం ముందు కూర్చుని ఉన్నారు. అమ్మాయి కర్రా, ఇంకో కొత్త బ్లేడూ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వచ్చింది. మర్నాడు పొద్దున సెలెక్షన్లు. అందులో నెగ్గితే రాష్ట్ర జట్టు. మూడేళ్లుగా ఆడుతోంది, వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పి, “కొంచెం తొందరగా చేసిపెడతారా అండి” అంది.

ఆ ‘అండి’ వినగానే ఒక ఆటో ఆయన తల తిప్పాడు. “ఏ ఊరు చెల్లె మీది?”

“దిల్‌సుఖ్‌నగరేనండి. ఇక్కడే పుట్టాను. మా నాన్నగారిది తెనాలి.”

ఆటో ఆయన తలూపి అంతటితో వదిలేశాడు. నేనే ఊరుకోలేకపోయాను. ఎదురుగా నలుగురు కూర్చుని ఉంటే నా నోరు నా మాట వినదు. కర్రను బల్లకున్న వైసు దవడల మధ్య బిగిస్తూ, బ్లేడును ఒకసారి లాగి చూసి అన్నాను: “అట్లనా? అందుకేనేమో, గీ బ్లేడు ఒక్కపారి లోపలికొచ్చి కూసున్నదంటె బయటికి పొమ్మన్నా పోతలేదు.”

ఆటోవాళ్లు పడీ పడీ నవ్వారు. అమ్మాయి బ్లేడు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

“దాన్ని అతికించింది మీరే కదన్నా” అంది.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. “ఉన్నమాటే అన్నదన్నా” అన్నాడు ఆ ఆటో ఆయన. నేనూ నవ్వాను. కానీ చెవులు కాలాయి. పదేళ్లుగా ఆ దుకాణంలో చివరి మాట నాదే.

కొత్త బ్లేడుకు ఈసారైనా కోచ్ చెప్పిన గమ్మే పెట్టాలని, అది తేవడానికి కొత్తపేట వైపు స్టేషనరీ షాపు తెరిచారేమో చూసొస్తానంది. వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పింది. గన్ను ఒకేచోట ఆపొద్దట. కొద్దికొద్దిగా, చుట్టూ తిప్పుతూ వేడి చేయాలట. మెత్తబడ్డాక తిన్నగా లాగాలట, అటూ ఇటూ ఊపకూడదట.

ఇవన్నీ నాకు తెలియనివి కావు. పాత స్టిక్కరు పీకేటప్పుడు నేను రోజూ చేసే పని అదే. ఒక పక్క నుంచి వేడి పెడుతూ, జిగురు వదిలేదాకా ఆగి, అంచు పట్టుకుని మెల్లగా లాగాలి. నాకు చేతనైన ఒకే ఒక్క విద్య అది. ఆ రోజు దాన్ని పక్కన పెట్టాను. ఆమె వచ్చేలోపు బ్లేడు బయటపెట్టి, ఏదో ఒక మాట అని, మళ్లీ నవ్వు నావైపు తిప్పుకోవాలి. నా తొందరంతా అదే.

గన్ను ఫుల్లులో పెట్టి ఒకేచోట పట్టుకున్నాను. కాలిన వాసన వచ్చింది. బ్లేడును రెండు చేతులా పట్టుకుని, “పోతవా పోవా” అంటూ అటూ ఇటూ ఊపాను. ఆటోవాళ్లు తాళం వేస్తున్నట్టు నవ్వుతున్నారు. మూడో ఊపుకు బ్లేడు వచ్చేసింది. దాంతోపాటే పల్లికాయ ఒలిచినంత చిన్న చప్పుడు వినిపించింది.

వైసు విప్పి చూశాను. కర్ర చివర నుంచి జానెడు పైదాకా సన్నటి పగులు. వేలితో నొక్కితే లోపలికి పోతోంది.

ఆటోవాళ్లు చూడలేదు. వాళ్ల కళ్లు ఊడిన బ్లేడు మీదే ఉన్నాయి. “తీసేసినవ్ గదన్నా” అన్నాడొకడు. అప్పుడు నా చేతులు చేసిన పని నేను ఆలోచించి చేసింది కాదని చెప్పుకోవచ్చు. కానీ ఆలోచించే చేశాను. కుర్రాళ్లు బైకులకు వేయించుకునే నల్ల కార్బన్ ఫిల్ము నా దగ్గర ఉంది. ఆ కర్ర రంగూ అదే, దాని మీది గళ్లూ అవే. ఒక ముక్క కత్తిరించి, వేడిగాలి పెట్టి, పగులు మీద గాలిబుడగ లేకుండా చుట్టాను. అతుకు కనపడకుండా వెనక్కి తిప్పాను. అంత నీటుగా నేను ఏ బండికీ వేయలేదు.

ఆమె గమ్ముతో వచ్చింది. కొత్త బ్లేడు పెట్టి ఇచ్చాను. ఫిల్ము మీద వేలు పెట్టి చూసింది.

“ఇదేంటన్నా?”

“డిజైన్ చెల్లె. రేపు సెలెక్షన్ గదా, నా తరఫున.”

నేను ముందన్న మాటంతా మరిచిపోయినట్టు నవ్వింది. “థ్యాంక్సన్నా. గెలిస్తే స్వీట్లు తెస్తాను” అని రెండు చేతులతో కర్రను పట్టుకుని వెళ్లింది. పిలిచి చెప్పడానికి అప్పటికీ సమయం ఉంది. రోడ్డు దాటేదాకా చూస్తూనే ఉన్నాను. ఆటోవాళ్లు వింటారని ఊరుకున్నాను.

మర్నాడు స్వీట్లు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దుకాణం ముందు ఏ ఆడపిల్ల ఆగినా లోపలికి వంగి ఏదో వెతుకుతున్నట్టు చేసేవాణ్ని. వాకిట్లో నవ్వులు మామూలుగానే నడిచాయి. నేనే రెండు మూడు సార్లు మాట మధ్యలో ఆగిపోయాను. అప్పుడు కూడా నవ్వారు, అది కూడా జోకే అనుకుని.

మూడు వారాలకు వచ్చింది. ఆ వేళకు దుకాణంలో నేనొక్కణ్నే ఉన్నాను. కర్రను బల్ల మీద పెట్టింది. అది రెండు ముక్కలై, నేను చుట్టిన ఫిల్ము పట్టుకుని ఉండబట్టి విడిపోకుండా వేలాడుతోంది.

“మొదటి పది నిమిషాల్లోనే విరిగిందన్నా. మీ స్టిక్కరు మాత్రం చెక్కు చెదరలేదు.”

“లోపల ఎప్పుడు పగిలిందో ఏమో చెల్లె” అన్నాను ముందు. ఆమె చూస్తూ నిలబడింది. అంతసేపు ఏ మాటా లేకుండా నా దుకాణంలో ఎవరూ నిలబడలేదు. నాకే ఆగలేదు. “నువ్వు గమ్ము కోసం పోయినప్పుడే పగిలింది. నేనే కప్పిన” అన్నాను.

“తెలుసు. అతుకు పైకి లేపి చూశాను.” ఫిల్ము అంచును వేలితో నొక్కుతూ అంది: “నాగోల్‌లో ఒకమ్మాయి దగ్గర ఎడమచేతి కర్ర ఉంది. సెలెక్షన్ల ముందురోజు రాత్రి ఇస్తానంది. నాది బాగైపోయిందని నేనే వద్దన్నాను.”

క్షమించమని అడగాల్సిన తప్పుల్లో తేలికగా ఉన్నదే ముందు పట్టుకున్నాను. “ఆ దినం అందరి ముంగట మీ ఊరోళ్ల మీద ఓ మాటన్న. అది గూడ తప్పే చెల్లె, మనసుల పెట్టుకోకు.”

ఆమె కర్ర ముక్కలను చేతిలోకి తీసుకుంది.

“ఆ మాట బస్సులోనూ అంటున్నారన్నా, కాలేజీలోనూ అంటున్నారు. మీరు అనకపోయినా ఇంకొకరు అనేవారు. పగిలిందని చెప్పగలిగింది మాత్రం మీరొక్కరే.”