రేడియో ‘రన్’ అన్న రోజు

నక్సలైట్ల రోజుల్లో సిరిసిల్ల దగ్గర ఒక ఊళ్లో పంతులుగా ఉండేవాణ్ణి. చిన్నపిల్లలకు రేడియోలో ఇంగ్లిషు పాఠం వచ్చేది. అది చెప్పినట్టల్లా పిల్లలు చేసేవారు. ఆ రోజు ‘రన్’ అనగానే అందరూ అలవాటుగా బయటికి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే పోలీసు జీపు వచ్చింది. బడి ఎదురింట్లో మగ్గం నేస్తున్న రాజేశం, ఆ పిల్లల్లో ఉన్న తన బిడ్డ జీపుకు అడ్డంగా పోవడం చూసి, “బిడ్డా, ఆగు!” అంటూ ఉరికి వచ్చాడు.

“జీపును చూసి ఎందుకు ఉరికినవ్ రా? అన్నలకు బువ్వ పెడుతున్నవా?” అంటూ ఎస్సై ఆయన కాలరు పట్టుకున్నాడు.

“నా బిడ్డ కోసం అయ్యా! పంతులు సారూ, మీరన్న చెప్పుండ్రి!”

భయంతో నా నోరు పెగల్లేదు. ఆయన్ని జీపులో తీసుకెళ్లారు. తిరిగొచ్చాక ఆ కాళ్లు మళ్లీ మగ్గం తొక్కలేదు. చనిపోయేదాకా ఊరు ఆయన్ని ‘అన్నల మనిషి’ అనే పిలిచింది.

రాజేశం ఉరికింది బిడ్డ కోసమే. ఈ ఒక్క మాట ఆనాడు జీపు ముందు చెప్పాల్సింది.