ఫౌంటెన్‌లో దూకినవాళ్ళ ఫోటో

1987 జులై. అప్పుడు నేను టెక్సస్‌లో, డాలస్ శివార్లలోని ఒక ఊరి పేపర్లో, వైర్ డెస్క్ మీద కాపీ ఎడిటర్ని. వైర్ డెస్క్ అంటే వార్తాసంస్థలు పంపే దేశవిదేశాల వార్తలన్నీ వచ్చిపడే బల్ల. వచ్చినదాంట్లో పనికొచ్చేది ఏరి, తప్పులు దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలో ఉన్న జాగాకి సరిపడా కత్తిరించడం నా పని. మాది మధ్యాహ్నం పేపరు. తెల్లవారుతూనే డ్యూటీ ఎక్కి, పొద్దెక్కేలోగా పేజీలు ప్రెస్సుకి ఒప్పజెప్పేవాళ్ళం. వైజాగ్‌లో ఇంగ్లీషు ఎమ్మే చదివి, పెళ్ళయి ఈ దేశం వచ్చి, ప్రూఫులు దిద్దే చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి ఆ బల్ల దాకా వచ్చాను. నాకు ఓపిక తక్కువని మా ఆయన అంటారు. ఈ ఉద్యోగానికి కావలసిన అర్హత అదేనని నేననేదాన్ని.

ఆ నెలలో గ్రీసు నుంచి ఎండల వార్తలు మొదలయ్యాయి. మొదటిరోజు వచ్చింది నాలుగు వాక్యాలు. ఏథెన్స్‌లో ఫారెన్‌హీట్ లెక్కలో నూట ఐదు డిగ్రీలు దాటిందని, జనం సముద్రం ఒడ్డుకి పరుగెత్తుతున్నారని. దాన్ని బ్రీఫ్ చేశాం, అంటే లోపలి పేజీలో ఓ మూల వేలెడంత వార్త. మా న్యూస్ ఎడిటర్ హారిస్‌కి అది కూడా ఎక్కువే అనిపించింది.

"నూట ఐదా? ఇవాళ మన ఊళ్ళో ఎంతనుకుంటున్నావు? ఇదో వార్తని వేస్తే మన పాఠకులు నవ్విపోతారు శారదా" అని తనే ముందు నవ్వాడు.

హారిస్ చెడ్డవాడు కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి టెక్సస్ ఎండ చూసినవాడే. కాకపోతే ఈమధ్య ఆయన ఎండని కలుసుకునేది ఇంటి తలుపుకీ కారు తలుపుకీ మధ్య, కారు తలుపుకీ ఆఫీసు తలుపుకీ మధ్య. మిగతా రోజంతా ఏసీలో చొక్కా మీద స్వెట్టరు వేసుకుని కూచునేవాడు. ఆ మాట అందామని నోటిదాకా వచ్చింది గానీ అప్పుడు నా ఒంటి మీదా స్వెట్టరే ఉంది.

మరునాడు సాయంత్రం పక్క ఊరు కాపెల్‌లో ప్రసాద్ గారింట్లో భోజనం. ఆయన హైవే బ్రిడ్జిలు డిజైన్ చేసే సివిల్ ఇంజినీరు. వాళ్ళది పల్నాడు. ఆరునెలలుగా కొడుకు దగ్గరున్న తల్లి రాజ్యలక్ష్మమ్మగారిని ఇండియాలో దిగబెట్టడానికి ఆయనే వెళుతున్నారని మమ్మల్ని పిలిచారు. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేవారు. బయట నిప్పులు చెరుగుతోంది. లోపల పిన్నిగారు కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుని, శాలువా కప్పుకుని సోఫాలో ముడుచుకు కూచున్నారు.

వడ్డిస్తూ వడ్డిస్తూ ప్రసాద్ గారి భార్య విమల చెప్పింది. "దారిలో ఏథెన్స్‌లో మూడురోజులు దిగుతారట శారద గారూ. టికెట్‌తో స్టాపోవర్ ఇచ్చారట. ఆ పాత రాతిస్తంభాలు చూడకపోతే ఈయనకి నిద్ర పట్టదు. పెద్దావిడతో ఎందుకండీ అంటే నా మాట వినరు. మీరన్నా చెప్పండి."

"ఇప్పుడు ఏథెన్సా? అక్కడ ఎండలు మండిపోతున్నాయండీ. నిన్ననే వైర్‌లో చూశాను" అన్నాను.

"ఎంతేంటి?" అన్నారు ప్రసాద్ గారు.

"నూట ఐదు పైన."

అచ్చం హారిస్ లాగానే నవ్వారు. "ఏందండీ మీరు మరీనూ! మేం రెంటచింతల పక్కనోళ్ళం. మాకు ఎండని ఇంట్రడ్యూస్ చేస్తారా?"

"నడెండలో కళ్ళంలో కూచుని మిరపకాయలు ఏరినదాన్ని అమ్మాయ్" అన్నారు పిన్నిగారు శాలువా సర్దుకుంటూ. "నాకు లేని భయం నీకేంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండంటే నాకూ తెలుసు. మా చిన్నప్పుడు ఎంత ఎండ కాసినా సాయంత్రం డాబా మీద బిందెలతో నీళ్ళు పోసి, నేల చల్లబడ్డాక పక్కలేసుకునేవాళ్ళం. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్ళం. పగలు ఎంత కాసిందని మా నాన్నమ్మ ఏనాడూ అడగలేదు. రాత్రి గాలి ఆడిందా లేదా అనేదే ఆవిడ లెక్క. గాలి ఆడని రాత్రులు వరసగా వస్తే వీధిలో ఏదో ఒక ఇంట్లోంచి ఏడుపు వినిపించేది. 

"పగటి సంగతి కాదు పిన్నిగారూ. అక్కడ రాత్రిళ్ళు చల్లబడుతోందో లేదో పేపర్లో రాలేదు. నా భయం అది."

"రాలేదంటే బాగానే ఉన్నట్టేగా?" అన్నారు ప్రసాద్ గారు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. రాలేదంటే బాగానే ఉన్నట్టు. పేపరు చదివే ప్రతివాడూ అలాగే అనుకుంటాడు కదా.

వైర్ వార్త రాయడానికి ఒక పద్ధతుంది. ముఖ్యమైనది పైన, అంతకన్నా తక్కువది దాని కింద, అలా దిగుతూ వస్తుంది. ఎందుకంటే జాగా చాలకపోతే మాలాంటివాళ్ళు కింద నుంచి కోసేస్తారు. తీరికగా చదివి కోయడానికి టైముండదు. కింద ఉన్నది పోయినా నష్టం లేదన్న నమ్మకంతో చెయ్యి దానంతటదే ఆడుతుంది. మర్నాటి నుంచి గ్రీసు వార్త వస్తే చాలు, నేను అట్టడుగు పేరా నుంచి చదవడం మొదలుపెట్టాను.

ప్రసాద్ గారు బయలుదేరే రోజు పొద్దున్న పెద్ద వార్త వచ్చింది. పైన అదే పాట: డిగ్రీలు, బీచీలు, ఐస్‌క్రీములు. స్క్రీన్ మీద కిందకి, ఇంకా కిందకి వెళితే నాకు కావలసినది దొరికింది. రాత్రిళ్ళు కూడా వేడి తగ్గడం లేదు. కాంక్రీటు మేడల్లో పైఅంతస్తుల వాళ్ళకి నిద్ర లేదు. ఆసుపత్రి వార్డుల్లో చాలావాటికి ఏసీ లేదు. వస్తున్నవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో తిరిగినవాళ్ళు కూడా కాదు, ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళు.

లేచి హారిస్ బల్ల దగ్గరికి వెళ్ళాను. "ఈ కింది రెండు పేరాలు పైకి తెస్తాను. హెడ్డింగులో రాత్రి అనే మాట ఉండాలి."

ఆయన చదివాడు. నిజంగానే చదివాడు. "బాగుంది. ఐదు పేరాలిస్తాను, నీ ఇష్టం వచ్చినట్టు పేర్చుకో" అన్నాడు. 

అప్పుడే ఫోటో మెషీను లోంచి ఏథెన్స్ వైర్‌ఫోటో వచ్చింది. ఊరి నడిబొడ్డున ఫౌంటెన్‌లోకి కుర్రాళ్ళు, అమ్మాయిలు బట్టలతోనే దూకుతున్నారు. నీళ్ళు ఎగిరిపడుతున్నాయి, అందరూ పళ్ళికిలించి నవ్వుతున్నారు. ఫోటో చాలా బాగుంది, కాదనను. హారిస్ చేతుల్లో అది మొదటి పేజీకి వెళ్ళిపోయింది. కట్‌లైన్, అంటే ఫోటో కింద రాసే మాట, ఆయనే రాశాడు. ఎండెక్కువైతే నీళ్ళలో దూకాలన్న టెక్సస్ చిట్కా గ్రీసువాళ్ళకీ తెలిసిందట. ఫోటోకి అంత జాగా ఇచ్చాక నా ఐదు పేరాలు రెండయ్యాయి. అవీ లోపల, టైర్ల దుకాణం ప్రకటన పక్కన.

"ఈ ఫోటో చూసినవాడు లోపల పేజీ తిప్పుతాడా హారిస్? పండగ జరుగుతోందనుకుంటాడు."

"ఫోటోలో అబద్ధం ఏముంది?"

"లేదు."

"మరింకేం?"

 పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోయింది. వెంటనే కాపెల్‌కి ఫోన్ చేశాను. ప్రసాద్ గారు సూట్‌కేసులు తూచుకుంటున్నారు. కోసేసిన పేరాలన్నీ ఆయనకి చదివి వినిపించాను.  ఈ స్టాపోవర్ క్యాన్సిల్ చేయించుకోండి, నేరుగా బొంబాయి వెళ్ళిపోండి అని బతిమాలాను.

"ఆలోచిస్తానండీ. హోటల్‌లో ఏసీ ఉందన్నారు మరి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేముందు మీకు ఫోన్ చేస్తా" అన్నారు.

ఫోన్ చేశారు. అప్పటికి పేపరు వాళ్ళ వాకిట్లో పడింది. గొంతులో ఉత్సాహం తిరిగొచ్చేసింది. "చూశానండీ మీ పేపరు! మొదటి పేజీలోనే వేశారుగా, పిల్లలు ఎంచక్కా ఫౌంటెన్‌లో గంతులేస్తున్నారు. మీరేమో నన్ను హడలగొట్టారు. అమ్మకి చూపిస్తే నవ్వుతోంది."

"లోపలి పేజీ చూడండి."

"ఆ, ఫ్లైట్‌లో చూస్తా."

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. వైర్‌లో గంటగంటకీ వార్త మారి వచ్చేది. చనిపోయినవాళ్ళ లెక్క పెరుగుతూ వచ్చింది. ఆసుపత్రికి చేరినవాళ్ళదే ఆ లెక్క, చేరకముందే పోయినవాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. స్క్రీన్ మీద గ్రీసు అన్న మాట కనిపిస్తే చేతిలో పని వదిలేసి అది చదివేదాన్ని. బేస్‌బాల్ వార్త దిద్దుతూ కూడా కళ్ళు పక్కకి పోయేవి. విమలకి ఫోన్ చెయ్యడం, ఏమీ తెలియలేదని ఆమె చెప్పడం, పెట్టేయడం. మా ఆయన కాఫీ ఇచ్చి కూచోమంటే కూచోలేకపోయేదాన్ని. 

చివరికి విమలే ఆఫీసుకి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "అత్తయ్యగారిని హాస్పిటల్‌లో చేర్చారట అండీ. స్పృహ లేదట."

జరిగింది ఆ రాత్రి ఫోన్‌లో ప్రసాద్ గారే చెప్పారు. హోటల్‌లో ఏసీ ఉన్నమాట నిజమే, కింద హాల్లో. గది పైఅంతస్తులో. కిటికీ తీస్తే వడగాలి, వీధి గోల, అందుకని మూసే ఉంచారు. బాత్రూం వరండా చివర, నలుగురు వాడేది. దారి పొడుగునా పరాయి మగాళ్ళు. పిన్నిగారు మన ఆడవాళ్ళు ప్రయాణాల్లో చేసే పనే చేశారు. మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేశారు. తాగావా అమ్మా అని కొడుకు అడిగితే తాగానన్నారు. ఇంట్లో అయితే చెంబు పక్కనే ఉండేది, పెరడు తనది, డాబా తనది. రెండోరోజు తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. "డాబా మీద నీళ్ళు పోశారా? ఇంకా పొయ్యలేదా?" అని అదే పనిగా అడుగుతున్నారట.

మర్నాడు ఈ సంగతి హారిస్‌కి చెప్పాను.  "అయ్యో" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "కాపెల్ అన్నావు కదూ? మన పాఠకులే. ఆయన్ని మళ్ళీ ఫోన్‌లో పట్టుకోగలవా? మొదటి పేజీకి తీసుకుందాం" అన్నాడు.

దీన్ని మా భాషలో లోకల్ యాంగిల్ అంటారు. ఎక్కడో ఊరంతా ఉడికిపోతే లోపలి పేజీ, మన వీధివాళ్ళకి చెమట పడితే మొదటి పేజీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్చీ ఎత్తి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. కానీ అదే వారం మా ఊరి నుంచి ఇంకెంతమంది అటు బయలుదేరుతున్నారో ఎవరికి తెలుసు?

"రాస్తాను. మొదటి వాక్యంలో రాత్రి వేడి, మూసిన గది ఉంటాయి. ఏం కోసినా ఆ వాక్యం జోలికి రావద్దు. ఫౌంటెన్ ఫోటో వెయ్యకూడదు" అన్నాను.

హారిస్ ఒప్పుకున్నాడు. ఒక్క అక్షరం కోయలేదు. ఆ మధ్యాహ్నమే టూరు ఏజెంటు ఒకావిడ పేపరాఫీసుకి ఫోన్ చేసి, వ్యాపారం చెడగొడుతున్నారని నన్ను తిట్టిపోసింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత తీపిగా వినిపించిన తిట్లు లేవు.

పిన్నిగారు బతికారు. ఆసుపత్రి వరండాలో వేసిన మంచం మీద, తడిబట్టలు చుట్టి, ఐసుముక్కలు రుద్ది ఆ నర్సులు బతికించారు. పక్క మంచం ముసలాయన్ని మాత్రం రెండోనాడే తీసుకుపోయారట. ఆ వేసవి గ్రీసులో అలా పోయినవాళ్ళు వెయ్యికి పైనే ఉన్నారు. కాస్త నిలబడగలిగాక ప్రసాద్ గారు తల్లిని ఇంటికి చేర్చారు.

ఆ ఏడాది డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు పనిగట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. పిన్నిగారు చిక్కిపోయారు గానీ మాట అదే. పక్కన నీళ్ళచెంబు, మధ్యమధ్య ఓ గుక్క. నేను ఫోటో సంగతి ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు.

"ఆ నీళ్ళగుంట మేం దిగిన హోటల్ ముందే అమ్మాయ్. దిగంగానే ప్రసాదు చూపించాడు, ఇదేనే శారద గారి పేపర్లో పడింది అని. పిల్లకాయలు దూకుతానే ఉన్నారు. మీవోళ్ళు అబద్ధం ఏం వెయ్యలా."

"అవును పిన్నిగారూ."

"నే పడుకున్న గదిలోకి వాళ్ళ కేకలు వినపడేయి. ఆ ఫోటో తీసినోడు కాస్త తల పైకెత్తితే మా కిటికీ కనపడేది."

ఫోటోలో అబద్ధం ఏముందన్న హారిస్ ప్రశ్నకి ఐదునెలల తర్వాత పిన్నిగారింట్లో నాకు జవాబు దొరికింది. తిరిగి వెళ్ళాక ఆ కిటికీ సంగతి ఆయనకి చెప్పాను.  మరుసటి వేసవిలో, మళ్ళీ ఎక్కడో ఎండలని ఫోటో వస్తే, కట్‌లైన్ రాయకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఆ డెస్క్ మీద ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. ఎండ వార్త వస్తే కింద నుంచి చదవడం అలవాటైంది. రాత్రి ఎంత అని రాయని వార్తని, కనుక్కుని చెప్పమని వెనక్కి పంపేదాన్ని. ఫోటో వస్తే నీళ్ళలో ఉన్నవాళ్ళని చివర చూసేదాన్ని. ముందు భూతద్దం తీసి, వెనకున్న మేడల్లో మూసి ఉన్న కిటికీలు వెతికేదాన్ని.