సైరన్‌కు ముందు ఎత్తిన చేయి

మా తమ్ముడి ఫోర్మన్ గారు పోయారు. ఆదివారం పొద్దున సూళగిరి కూరగాయల అంగట్లో వంకాయలు ఏరుతూ ఏరుతూ కూలిపోయారట. శనివారం సాయంత్రమేగా ఫ్యాక్టరీ గేటు దగ్గర నాతో మాట్లాడారు! ఆయన ఇంటి నుంచి వచ్చిన ఫోన్ పెట్టేశాక కూడా, వాళ్ళు చెప్పింది ఇంకెవరి గురించో అనుకున్నాను. ఇది రాస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

మా తమ్ముడికి ఆటిజం. హోసూరులో ఆ మాట ఎవరికీ పెద్దగా తెలియని తొంభైల్లోనే ఆయన వాణ్ణి బోల్టులు కొలిచి వేరుచేసే పనిలో పెట్టుకున్నారు. సైరన్ మోగితే వాడు విలవిల్లాడిపోయేవాడు. అందుకని కాస్త ముందుగానే ఆయన వచ్చి అరచేయి ఎత్తి చూపేవారు. వాడు చెవులు మూసుకునేవాడు. మోత ఆగాక ఆయన చేయి దించితేనే వాడూ చెవుల మీది చేతులు దించేవాడు.

ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు, ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగి, కుంకుమ పెట్టి, పటం ముందు పేరుస్తారు. మొదటి ఏడు అలాగే తమ్ముడి టేబుల్ కూడా ఖాళీ చేశారు. తన కొలత గేజి కనబడక వాడు గోడకు తల బాదుకున్నాడు. నన్ను పిలిపించారు.

"వీడు మనకొద్దు, ఇంటికి పంపించెయ్యప్పా," అన్నారు యజమాని. వాడి ఉద్యోగం అంతటితో సరి అనుకున్నాను.

"వాణ్ణి అడక్కుండా ఎత్తింది మనం సార్. నా గేజి ఎత్తింటే నేనైనా కొట్లాటకు వచ్చుంటాను," అన్నారు ఫోర్మన్ గారు.

మరుసటి ఏడు వాడి టేబుల్ వాడిచేతే కడిగించి, సామాను ఎక్కడివక్కడ ఉంచి, బొట్లు కూడా వాడిచేతే పెట్టించారు. నేను ఆయనకు దండం పెట్టబోతే విసుక్కున్నారు. "ఒగే స్పానరుతో అన్ని నట్లూ తిరుగుతాయామ్మా? దీనికి దండమెందుకు, పో!" కోపిష్టి మనిషి. టీలో చక్కెర తక్కువైనా అరిచేవారు. వాడి దగ్గర మాత్రం గొంతు లేచేది కాదు.

సోమవారం తమ్ముడితో నేనూ ఫ్యాక్టరీకి వెళ్ళాను. సార్ చచ్చిపోయారు, ఇంక రారు అని ముందే చెప్పాను. "సరే" అని పనిలో పడ్డాడు. ఇక వీణ్ణి ఎవరు ఉంచుకుంటారని నాకు ఒకటే దడ. టీ సైరన్ వేళ దగ్గరపడగానే తలెత్తి ఆయన గది వైపు చూశాడు. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్క టేబుల్ ఆమె చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "ఈడ చూడప్పా, నేనుండాను" అంటూ అరచేయి ఎత్తింది. వాడు చెవులు మూసుకున్నాడు. సైరన్ మోగింది, ఆగింది. ఏడుపులో ఆమె చేయి దించడం మరిచిపోయింది. వాడు చెవులు మూసుకుని అలాగే నిలబడి ఉన్నాడు.