చీనీ తోటలో ఏడో నంబరు కారు

ఆ రోజుల్లో మా గోరంట్ల పక్క పల్లెల్లో వాన రాకపోవడం ఎంత మామూలో, కారు రాకపోవడమూ అంతే మామూలు. వస్తే ఓట్లప్పుడు జీపు వచ్చేది, లేకుంటే ఎవరికైనా మరీ ప్రాణం మీదికొస్తే అద్దె కారు వచ్చేది. అలాంటి ఊరికి రేసుల్లో గెలిచిన ఒక చాంపియన్ కారు వచ్చి చేరిందంటే మా పిల్లలు నమ్మరు. నిజం చెప్పొద్దూ, మొన్న బెంగుళూరు నుంచి ఒక అబ్బాయి దాని చరిత్ర వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చేదాకా నాకే అదంతా కలేమో అనిపించేది. పాతకాలం కార్లను కొని బాగుచేయడం అతని పని. "చాంపియన్ తర్వాత ఎవరి దగ్గరుంది, వాళ్ల తర్వాత ఎవరు, వరసగా చెప్పండి సార్" అన్నాడు. పెళ్లి సంబంధానికి ముందు వంశం ఆరా తీసినట్టే ఉంది ఆ అడగడం. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మామ గుర్తొచ్చాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. వరస నేను విన్నది విన్నట్టు చెప్పాను. ఆ చాంపియన్ మద్రాసు వైపు రేసుల్లో ఆ కారుతోనే గెలిచేవాడట. ఎర్రటి కారు, రెండే సీట్లు, పైన మడిచేసుకునే గుడ్డ టాపు, తలుపుల మీద తెల్లటి గుండ్రంలో ఏడో నంబరు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, సీట్లు చాలక, బెంగుళూరులో ఒక డాక్టరుకు అమ్మేశాడు. ఆ డాక్టరుకు నేలకానుకొని ఉండే ఆ సీట్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది (ఆయన ఎముకల డాక్టరే, పాపం). అక్కడి నుంచి చిలమత్తూరు పట్టుగూళ్ల వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన పక్క సీట్లో గూళ్ల గంప పెట్టుకుని హిందూపురం మార్కెట్టుకు బయలుదేరితే, టాపు తీసి ఉండడంతో దారి పొడుగునా గూళ్లు ఎగిరిపోయాయట. ఆ కోపంలో ఉండగా మా మామ ఎదురుపడ్డాడు. ఒక్కొక్క యజమానీ ఆ ఏడు మీద రంగు కొట్టించాడు గానీ, మా ఎండకు పై రంగు పెచ్చులూడి ఏడు మళ్లీ బయటికొచ్చింది. "చాంపియన్ తోలిన బండిరా అల్లుడా ఇది, నంబరు ఉంటేనే దానికి మర్యాద" అని మామ దాన్ని అలాగే ఉంచేశాడు.

టాపును మాత్రం ఉంచలేదు. "వాన యాడ పడతాది లేరా మనకి" అని వచ్చిన వారానికే దాన్ని ఊడబీకి శనక్కాయల వామి మీద కప్పాడు. ఊరంతా కారు చూడ్డానికి వచ్చింది. పక్కింటి తాత చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, దూడ మాదిరి ఉండాదే, ఇంగా పెరుగుతాదా ఇది?" అని అడిగాడు. మామ చిన్నబుచ్చుకోలేదు. "మేపితే పెరుగుతాది తాతా" అన్నాడు. మెట్ట సేద్యం చేసుకునే మనిషికి రేసు కారు ఎందుకని మా అమ్మ తిట్టింది. మా అత్త తిట్టలేదు. వాళ్లకు పిల్లల్లేరు. ఆయనకు కారు, ఆమెకు చీనీ తోట (బత్తాయినే మా వైపు చీనీ అంటాం). అత్త ఒక్కొక్క చీనీ చెట్టుకూ ఒక్కో పేరు పెట్టుకుని, పాదుల్లో గడ్డి పీకుతూ వాటితోనే మాట్లాడుకునేది. నేనప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. "నీకు లైసెన్సు వచ్చిన దినం హిందూపురం దాకా నువ్వే తోలల్ల. నేను పక్కన కూసుంటా" అని మామ నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని నేను కాలేజీలో ఎంత గొప్పలు పోయానో నాకే తెలుసు.

ఆ సంవత్సరం బోరు ఎండిపోయింది. పాత బావిలో కాసిని నీళ్లున్నాయి గానీ, వస్తూ పోతూ ఉండే కరెంటుకు మోటరు కాలిపోయింది. అత్త కడవలతో చెట్లకు నీళ్లు మోస్తోందని ఇంటి నుంచి కబురు వచ్చింది. నాకు బాధ వేసింది, కాదనను. కానీ అదే వారం నాకు లైసెన్సు చేతికొచ్చింది. చల్లద్దాలు కొన్నాను, బూట్లకు పాలిష్ కొట్టాను, తల నున్నగా దువ్వుకుని బస్సెక్కాను. ఊరి ముందర దిగేసరికి తోట వైపు నుంచి కారు మోత! ఆహా, మామ నా కోసం బండి వేడి చేసి పెట్టాడు అనుకుని పరుగెత్తాను. కారు చింతచెట్టు కింద ఉంది. దాని ముందు మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. మోత బావిలో నుంచి వస్తోంది.

వంగి చూస్తే, బావి లోపలి గట్టు మీద చాంపియన్ ఇంజను పంపుకు తగిలించి ఉంది. దాని పక్కనే మామ, ఒళ్లంతా నూనె. ఊళ్లలో పాత ఇంజన్లను బావికి పెట్టుకోవడం కొత్త కాదు. కానీ ఇది పందేల్లో ఉరకడానికి పుట్టిన ఇంజను, నెమ్మదిగా తోడడం దానికి చేతకాదు. విమానం మాదిరి అరుస్తూ, బావిలో ఉన్న నీళ్లన్నీ ఒక్క గుక్కలో లాగేసి, ఆ తర్వాత బురద కక్కింది. పైగా పట్టరానంత వేడెక్కేది. చల్లార్చడానికి దానికి నీళ్లు పోయాలి. అత్త మోసుకొచ్చిన కడవ కాస్తా మామ అందుకుని రేడియేటర్‌లో పోశాడు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమయ్యా, చెట్లకు తోడమంటే ఈడ ఇదే తాగుతాండాదే!" అంది. పైన నిలబడిన నలుగురూ పడీ పడీ నవ్వారు. అత్తా నవ్వింది. అంతలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను చల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి మామ నా ముఖం చూడలేదు. తెల్లారి లేచేసరికి చింతచెట్టు కింద కాడి కట్టి రెండెద్దులు సిద్ధంగా ఉన్నాయి, ఆ కాడికి పగ్గాలతో ఏడో నంబరు కారు. "ఎక్కరా అల్లుడా. హిందూపురం దాకా పోలేం గానీ ఊరి బాట దాకా పోదాం. మాటంటే మాట" అన్నాడు మామ. సిగ్గుతో చచ్చిపోతూ ఎక్కాను. ఆయన పక్క సీట్లో చెర్నాకోల పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. కసువు లేక పక్కటెముకలు తేలిన ఎద్దులు అడుగు తీసి అడుగు వేస్తుంటే, గోలీలాడుకునే పిల్లలు మమ్మల్ని దాటేసి పోయి, వెనక్కి తిరిగి వెక్కిరించారు. అయినా మామ, "బ్రేకు మింద కాలు తీయొద్దురా, రేసు బండి ఇది, ఎప్పుడు ఉరుకుతాదో చెప్పలేం" అని గద్దిస్తూనే ఉన్నాడు. అంతటి దిగులులో ఆ మనిషికి అంత హాస్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తోట దాటుతున్నప్పుడు మాత్రం ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

చెట్లు బతకలేదు. ఆకు ముడుచుకుంది, పిందె రాలింది, కొమ్మలు విరిస్తే పుటుక్కుమన్నాయి. అన్నీ అయిపోయాక వాన వచ్చింది. మా సీమలో వాన రాకపోవడం ఒక బాధ, వచ్చినప్పుడు వచ్చే తీరు ఇంకో బాధ. రాత్రంతా కుండపోత. పొద్దున చూస్తే బావి గోడ ఒక పక్క కూలి, ఇంజను రాళ్ల కింద, రాళ్లు నీళ్ల కింద. తీద్దామా అని అడిగాను. మామ గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ ఎర్రనీళ్లలోకి చూశాడు. "పోనీలేరా. ఎంత వేడెక్కేదో పాపం. ఇంగ సల్లగా ఉండనీ" అన్నాడు. ఆ మాట ఇంజను గురించే అన్నాడని అప్పుడనుకున్నాను. తర్వాత ఆయన మళ్లీ తోట పెట్టలేదు, కారు ఊసూ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆయనా పోయాడు. ఆ బావి పక్కనే సమాధి చేశాం.

బెంగుళూరు అబ్బాయిని అక్కడికే తీసుకుపోయాను. చింతచెట్టు కింద కారు డొల్ల అలాగే ఉంది, సీటు వెనక కోడి పొదుగుతోంది. తలుపు మీద మట్టి తుడిస్తే ఏడు కనిపించింది. ఆ అబ్బాయి దండం పెట్టినంత పని చేశాడు. ఇంజనూ, దాని మీద చెక్కిన నంబరూ దొరికితేనే ఇది చాంపియన్ కారని అందరూ ఒప్పుకుంటారట, బావి తవ్విస్తానన్నాడు. బావి ఎప్పుడో ఎండిపోయింది. అత్తకు ఇప్పుడు చూపు ఆనదు, చెవులు మాత్రం పాముచెవులు. అక్కడే చెట్టు నీడలో వేసిన మంచం మీద నుంచే, "తవ్వుకో నాయనా, ఆయప్ప సమాధి జోలికి మాత్రం పోవద్దు. తవ్వేటప్పుడు నీళ్లు పడితే నాకు జెప్పు, రెండు చీనీ చెట్లు పెట్టుకుంటా" అంది. ఆ అబ్బాయి సరేనని కెమెరా బయటికి తీశాడు.

అతను ఫొటోలు తీసుకుంటుంటే నేను నెమ్మదిగా ఆ డొల్లలో దిగి కూర్చున్నాను. ఈ పొట్టతో స్టీరింగు వెనక ఇరుక్కోవడమే ఒక రేసు. చల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగిన ఆ బక్క పిల్లవాడు కళ్లముందు కనిపించాడు, జాలేసింది, నవ్వూ వచ్చింది. ఎడమ పక్క సీటు ఖాళీ. చేతులు స్టీరింగు మీద పెట్టానో లేదో, కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుని తొక్కింది. తుప్పు పట్టిన బ్రేకు కిర్రుమంది. మంచం మీద నుంచి అత్త నవ్వింది.

"ఎద్దులు యాడ ఉండాయిరా, బ్రేకు తొక్కుతాండావు?"

కాలు మాత్రం తీయలేదు.