దారం పెట్టి చూసిన సైకిలు

కాజాలావిడ గొంతు పెంచడం నేనెరుగను. పోట్లాట గెలవడం మాత్రం కళ్లారా చూశాను. చొక్కాల దుకాణం యజమాని ఆవిడ కుట్టిన కాజాలు వదులుగా ఉన్నాయని పదిమందిలో చొక్కాలు విసిరికొట్టాడు. ఆవిడ ఒక చొక్కా తీసి, గుండీ పెట్టి, రెండు చేతులా పట్టి లాగింది. గుడ్డ చిరిగింది. కాజా అలాగే ఉంది.

"బాబూ, వదులు నా కుట్టులో లేదు, నీ గుడ్డలో ఉంది."

అతగాడి మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. నేనైతే పైకే నవ్వాను.

గెలిచి ఏం బావుకుంది? మర్నాటి నుంచి వాడు పని ఇవ్వలేదు. పని ఇస్తానన్న ఇంకో దుకాణం ఊరి చివర. అటు బస్సు లేదు. మూట నెత్తిన పెట్టుకుని రెండు రోజులు నడిచేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆ పని కూడా పోతే గది ఖాళీ చేసి తమ్ముడి పంచన చేరాలి. ఆ మరదలి నోటి ముందు నా నోరే నయం.

మా మేడ కింద గదిలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. గదిలో ఒకటే పళ్లెం, ఒకటే గ్లాసు. వెళ్లేది నేనే, అదీ నా జాకెట్టు చిరిగితే.

పాత సామాన్లవాడు ఆడవాళ్ల సైకిలొకటి చవగ్గా ఇస్తానన్నాడు. చూసుకోమని ఒక పూటకి వదిలాడు. ఇద్దరం దాన్ని రిపేరు షాపుకి నడిపించుకుపోయాం. మేస్త్రీ ఒక కన్ను మూసి చూశాడు.

"లాభం లేదక్కా. వెనక చక్రం ఎలా ఒరిగిందో చూడు. టైర్లు, చైను మారుస్తా. ఫ్రేమే వంకరైతే ఏం మార్చను? తూకానికి వేసెయ్."

"ఒరిగింది చక్రమా, ఫ్రేమా?"

"రెండూ ఒకటేలే."

"ఒకటెలా అవుతుంది? చొక్కా గుండీలు తప్పు పెడితే కుట్టు వంకరని అంటామా?"

అక్కడే దారం రీలు తీసింది. "పెద్దమ్మా, ఈ కొస పట్టుకో. గట్టిగా లాగకు." దారాన్ని వెనక ఇరుసు ఒక కొస నుంచి ముందుకు, హ్యాండిలు కింది గొట్టం చుట్టూ తిప్పి, ఇరుసు రెండో కొసకు తెచ్చింది. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా టేపుతో కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు, ఫ్రేము తిన్నగానే ఉంది.

మేస్త్రీ గొణుక్కుంటూ నట్లు వదులు చేసి చక్రం సర్దాడు. అది బుద్ధిగా నడిమికి వచ్చింది.

"ఇది ఎవరు నేర్పారక్కా? మీ ఆయనా?"

"ఆయన నేర్పింది గడియ పెట్టుకోవడం ఒక్కటే" అంది. వదిలిపోయిన మనిషి ఊసు ఆ నోట నేను విన్నది అదొక్కసారే.

సైకిలు కొంది. టైర్లు, బ్రేకులు వేయించింది. చిన్నప్పుడు తొక్కిందట, రెండు రోజుల్లో కాలు కుదిరింది. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి మా మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపట్నుంచి పొద్దున్నే పోతా పెద్దమ్మా. ఆ దారిలో నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు."

"అయితే? నన్ను వెనక ఎక్కించుకుంటావా?"

నవ్వలేదు. గుమ్మం పట్టుకుని అంది: "లైట్లు వేసే వేళకి కింద సైకిలు కనపడకపోతే, ఇది ఇంకా రాలేదేంటి అని ఒక్కసారి అనుకో. వెతకొద్దు. అనుకో, చాలు."